1420 మెగాహెర్ట్జ్ డైరీ: ఇది ఆకాశానిదా, ఇంటిదా?

ప్రస్తుతం ఎక్కడున్నాం

ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టడానికి ఇంట్లో కట్టుకున్న హార్న్ యాంటెనా (గరాటు లాంటిది) పనిచేస్తోంది. పాలపుంతలోని హైడ్రోజన్ స్పష్టంగా కనిపిస్తోంది. కొన్నాళ్లుగా అర్ధరాత్రి దాటాక 1420.8 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రత్యక్షమై నన్ను టెన్షన్ పెట్టిన సన్నటి గీత సంగతి తేలిపోయింది. రెండో హార్న్ పని సగంలో ఉంది. ఇలాంటిది కట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తాయని కొలతలు, లెక్కలతో సహా వరసగా రాస్తున్నాను.

గ్రహాంతర జీవుల గురించి చదవడం నాకు ఎప్పటి నుంచో ఇష్టం. చదివిన కొద్దీ అర్థమైంది ఏమిటంటే, వింత సంకేతాలు దొరుకుతూనే ఉంటాయి. అది మన యంత్రాల్లోంచి వచ్చింది కాదని నిరూపించడమే గగనం. ఆ నిరూపణ ఎలా చేస్తారో పుస్తకంలో చదివి ఊరుకోకుండా, చేత్తో చేసి నేర్చుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు.

1420 ఎందుకు

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ రెండూ చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. ఎలక్ట్రాన్ తన దిశ మార్చుకున్నప్పుడు 1420.4058 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం వెలువడుతుంది. తరంగదైర్ఘ్యం 21 సెంటీమీటర్లు. ఒక్కో పరమాణువులో ఇది తనంతట తాను జరగాలంటే సగటున కోటి సంవత్సరాలకు పైగా పడుతుంది. అయినా పాలపుంతలో హైడ్రోజన్ లెక్కకు మించి ఉంది కాబట్టి ఈ తరంగాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. డచ్ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ 1944లో దీన్ని ఊహించాడు. 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ పట్టుకున్నారు. వాళ్లు వాడింది కూడా హార్నే. ప్రయోగశాల కిటికీలోంచి ఆకాశం వైపు పెట్టారు.

1959లో కొకోని, మారిసన్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఒక చిన్న వ్యాసం రాశారు. వేరే నక్షత్రం దగ్గర తెలివైన జీవులుంటే, వాళ్లకూ హైడ్రోజన్ గురించి తెలిసే ఉంటుంది కదా, మరొకరిని పలకరించాలనుకుంటే అందరికీ తెలిసిన ఈ ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే ప్రయత్నిస్తారు కదా అన్నది వాళ్ల వాదన. మరుసటి ఏడాదే ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లోని 26 మీటర్ల డిష్‌ను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని నక్షత్రాల వైపు తిప్పి విన్నాడు. ఏమీ వినపడలేదు. ఈ వెతుకులాట మాత్రం అక్కడి నుంచి ఆగలేదు.

ఇక 1977 ఆగస్టు 15. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బిగ్ ఇయర్ టెలిస్కోప్‌లో ధనుస్సు రాశి వైపు నుంచి 72 సెకన్ల పాటు బలమైన సంకేతం వచ్చింది. కొన్ని రోజుల తర్వాత ప్రింటవుట్లు చూస్తున్న జెర్రీ ఎహ్‌మన్, "6ఈక్యూయూజే5" అనే వరస చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి పక్కన "వావ్!" అని రాశాడు. ఆ అక్షరాలు గుప్తభాష ఏమీ కాదు. నేపథ్య రొద కంటే సంకేతం ఎన్ని రెట్లు బలంగా ఉందో ఒక్కో గుర్తు చెబుతుంది. 9 దాటాక అక్షరాలు మొదలవుతాయి. యూ అంటే 30 రెట్లు. వరస మొత్తం చూస్తే పెరిగి, శిఖరం చేరి, తగ్గింది. ఆ టెలిస్కోప్ కదిలేది కాదు, భూమి తిరుగుతుంటే ఆకాశం దాని ముందు నుంచి జరిగిపోయేది. ఆకాశంలో స్థిరంగా ఉన్న ఏ వస్తువైనా దాని బీమ్ (ఒకేసారి చూడగలిగే ఆకాశపు ముక్క)‌ను దాటడానికి పట్టే సమయం సరిగ్గా 72 సెకన్లే. నన్ను ఈ పనిలోకి దింపింది ఈ ఒక్క వివరమే. సంకేతంలో ఏముందో ఎవరికీ తెలియదు, కానీ దాని ఆకారం మాత్రం "నేను ఆకాశంతో పాటు కదిలాను" అంటోంది.

హార్న్ తయారీ

అల్యూమినియం రేకు అతికించిన ఇన్సులేషన్ బోర్డు వాడాను. తేలిగ్గా ఉంటుంది, కత్తితో కోయొచ్చు. ముఖం వెడల్పు 75 సెంటీమీటర్లు, ఎత్తు 60. నాలుగు పలకలు వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడి ఒక లోహపు డబ్బా మూతికి కలుస్తాయి. అతుకులకు అల్యూమినియం టేపు. టేపు జిగురు కరెంటును పోనివ్వదు. కానీ ఈ ఫ్రీక్వెన్సీలో రెండు రేకులు వెడల్పుగా ఒకదాని మీద ఒకటి పడి, గట్టిగా నొక్కి ఉంటే కెపాసిటర్‌లా పనిచేసి తరంగాన్ని దాటిస్తాయి. అందుకే అతుకుల దగ్గర టేపు విషయంలో పిసినారితనం వద్దు.

డబ్బా ఎంపిక కొంచెం ఆలోచించి చెయ్యాలి. గుండ్రటి డబ్బా వ్యాసం 12.4 సెంటీమీటర్ల కంటే తక్కువైతే 21 సెంటీమీటర్ల తరంగం లోపలికే రాదు. 16.2 దాటితే మనకు అక్కర్లేని మరో రకం తరంగ అమరిక కూడా లోపల మొదలవుతుంది. నాకు దొరికింది 15 సెంటీమీటర్ల డబ్బా, సరిపోయింది. దాంట్లో నిలువుగా నిలబెట్టిన రాగి తీగే అసలైన యాంటెనా. పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 5 సెంటీమీటర్ల పైచిలుకు.

ఆ తీగ డబ్బా అడుగు నుంచి ఎంత దూరంలో ఉండాలన్నది జాగ్రత్తగా లెక్కకట్టాలి. అదీ నాలుగో వంతే, కానీ దేంట్లో నాలుగో వంతు? ఖాళీ ప్రదేశంలో 21 సెంటీమీటర్లున్న తరంగం 15 సెంటీమీటర్ల డబ్బాలోకి రాగానే సుమారు 37 సెంటీమీటర్లకు సాగుతుంది. కాబట్టి దూరం 9.3 సెంటీమీటర్లు. అడుగుకు తగిలి వెనక్కి వచ్చే తరంగం అప్పుడే ముందు తరంగంతో కలిసి బలపడుతుంది. డబ్బా వ్యాసం మారితే ఈ దూరం కూడా మారుతుంది, నా అంకెను యథాతథంగా వాడకండి. తీగను ముందు కాస్త పొడవుగానే ఉంచి, వీఎన్‌ఏ తెర మీద చూస్తూ కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ రావడం మంచిది. (వీఎన్‌ఏ అంటే యాంటెనా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపే పరికరం.)

రిసీవర్

తీగ నుంచి వచ్చే సిగ్నల్ నేరుగా తక్కువ రొద ఉన్న యాంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. మధ్యలో కేబుల్ లేదు, కనెక్టర్‌కు కనెక్టర్ బిగించేశాను. కేబుల్ వల్ల ఒక్క డెసిబెల్ నష్టం వచ్చినా సిస్టమ్ రొదకు (దీన్ని ఉష్ణోగ్రతలా కెల్విన్‌లలో కొలుస్తారు) దాదాపు 75 కెల్విన్‌లు కలుస్తాయి. హైడ్రోజన్ సంకేతమే కొన్ని పదుల కెల్విన్‌లు కాబట్టి ఇది భరించలేని నష్టం. యాంప్లిఫయర్‌లోనే 1420 దగ్గర మాత్రమే దారి ఇచ్చే ఫిల్టర్ ఉంది. అది లేకపోతే మొబైల్ టవర్ల సిగ్నల్ రిసీవర్‌ను ముంచేస్తుంది. ఆ తర్వాత కేబుల్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రిసీవర్, ల్యాప్‌టాప్. ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు చూడొచ్చు. దాన్ని 2048 ముక్కలు చేసి, ఒక్కోదాన్ని ఐదు నిమిషాల పాటు సగటు తీస్తున్నాను.

సిస్టమ్ ఎంత బాగుందో తెలుసుకునే పరీక్ష సులువైనది. హార్న్‌ను నేలకేసి తిప్పితే 300 కెల్విన్‌ల వెచ్చటి వస్తువును చూస్తుంది. ఖాళీ ఆకాశం వైపు తిప్పితే చుట్టుపక్కల నుంచి చొరబడేది కలిపి సుమారు 10 కెల్విన్‌లు. నాకు ఈ రెంటి మధ్య తేడా 4.8 డెసిబెల్స్, అంటే మూడు రెట్లు వచ్చింది. లెక్క వేస్తే రిసీవర్ సొంత రొద 135 కెల్విన్‌లు. ఇంట్లో కట్టినదానికి ఇది చాలా సంతోషకరమైన అంకె.

మొదటి గుట్ట

హంస మండలం వైపు హార్న్ తిప్పిన మొదటి రాత్రే తెర మీద హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీ దగ్గర గుట్ట లేచింది. వెడల్పైన, మెత్తటి గుట్ట. ఎంత మంది చూసి ఉంటారో, ఎన్నిసార్లు అచ్చులో వచ్చి ఉంటుందో అన్న లెక్క ఆ క్షణాన గుర్తుకు రాదు. డబ్బా, రేకు, తీగ కలిసి పాలపుంత చేతిని (సర్పిలాకారపు పాయను) చూపిస్తున్నాయంటే ఒళ్లు పులకరించింది.

ఆ గుట్ట ఆకారాన్ని చదవడానికి ఒకే ఒక్క అంకె చాలు: ఈ ఫ్రీక్వెన్సీలో సెకనుకు ఒక కిలోమీటరు వేగం 4.74 కిలోహెర్ట్జ్ జరుగుదలకు సమానం. మనవైపు వచ్చే మేఘం సంకేతం ఎక్కువ ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది, దూరమయ్యేదాని సంకేతం తక్కువకు. శర్మిష్ఠ వైపు తిప్పితే గుట్ట రెండుగా చీలింది. ఒకటి మన దగ్గరి వాయువు, రెండోది సెకనుకు యాభై కిలోమీటర్ల చిల్లర వేగంతో మనవైపు వస్తున్న పెర్సియస్ చేతిది. అయితే భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది కాబట్టి, అదే మేఘం ఏడాదిలో వేర్వేరు నెలల్లో వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ఆ సవరణ చెయ్యనిదే ఏ వేగమూ నమ్మకూడదు. తిప్పి చూస్తే ఇదొక కానుక కూడా: భూమి కదలికకు అనుగుణంగా నెలనెలా జరిగే సంకేతం భూమిది కాదు.

ఈ హార్న్ "వావ్"ను వినగలదా

అందరూ అడిగేదీ, నన్ను నేను అడిగిందీ ఇదే. లెక్క వేద్దాం. రేడియో ఖగోళంలో బలాన్ని జాన్‌స్కీలలో కొలుస్తారు. వావ్ సంకేతం బలం మొదట్లో వేసిన అంచనాల ప్రకారం 54 నుంచి 212 జాన్‌స్కీలు. నా హార్న్ సమర్థంగా పట్టే వైశాల్యం పావు చదరపు మీటరు. సిస్టమ్ మొత్తం రొద 150 కెల్విన్‌లు అనుకుంటే, ఆ రొద సుమారు 16 లక్షల జాన్‌స్కీలకు సమానం. ఇక్కడ ఆదుకునేది సగటు. బిగ్ ఇయర్ లాగే 10 కిలోహెర్ట్జ్ ఛానెల్, 72 సెకన్ల సమయం తీసుకుంటే రొద దాదాపు 2000 జాన్‌స్కీలకు దిగుతుంది. అప్పటికీ వావ్ దానికింద పది రెట్లో అంతకంటే ఎక్కువో లోతున ఉంటుంది. వినపడదు.

కానీ లెక్క అక్కడితో ఆపకూడదు. వావ్ 10 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో ఒకే చోట పడింది. ఆ ఛానెల్ లోపల అది నిజంగా ఎంత సన్నగా ఉందో బిగ్ ఇయర్ చెప్పలేదు. ఒకవేళ శక్తంతా 10 హెర్ట్జ్‌లోనే ఉందనుకుంటే, ఆ సన్నటి సందులో అది వెయ్యి రెట్లు బలంగా ఉంటుంది. నేనూ 10 హెర్ట్జ్ సందుతో చూస్తే నా రొద 62 వేల జాన్‌స్కీలు, సంకేతం 54 వేల నుంచి 2 లక్షల 12 వేలు. అంటే రొదతో సమానం నుంచి మూడింతల పైచిలుకు వరకు. నమ్మదగ్గ ఆధారం కాదు, కానీ అసాధ్యమనీ అనలేం.

అందుకే సెటి (గ్రహాంతర మేధస్సు కోసం వెతుకులాట) పరిశోధకులు సన్నటి గీతల కోసమే వెతుకుతారు. ప్రకృతిలో తెలిసిన రేడియో గీతల్లో అతి సన్ననివి మేజర్లు (అంతరిక్ష వాయుమేఘాల్లో లేజర్‌లా బలపడే రేడియో తరంగాలు), అవి కూడా వందల హెర్ట్జ్ వెడల్పు ఉంటాయి. కొన్ని హెర్ట్జ్‌ల గీత కనిపిస్తే దాని వెనక ఏదో యంత్రం ఉందని అర్థం. ఆ యంత్రం ఎవరిదన్నదే మిగిలిన ప్రశ్న. సన్నగా చూడటంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల 1420 మెగాహెర్ట్జ్ దగ్గర గీత సెకనుకు 0.16 హెర్ట్జ్ దాకా జరుగుతుంది. 72 సెకన్లలో పది హెర్ట్జ్‌కు పైనే. ఆ జరుగుదలను సరిచేయకపోతే గీత పక్క సందులోకి జారిపోతుంది.

1420.8 దగ్గర గీత

హార్న్‌ను ఒకే దిశలో వదిలేసి రాత్రంతా రికార్డు చేస్తున్నాను. భూమి తిరుగుతుంటే పాలపుంత బీమ్‌లోకి వచ్చి పోతుంది. ఆ రికార్డింగుల్లో ఒంటిగంట ప్రాంతంలో, హైడ్రోజన్ గుట్ట బాగా లేచి ఉన్న సమయంలోనే, 1420.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సూది నిలబడింది. దాదాపు గంట ఉండి పోయింది. నా బీమ్ వెడల్పు సుమారు 18 డిగ్రీలు, ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. అంటే బీమ్‌ను దాటే వస్తువు కూడా గంట, గంటంపావు కనిపించాలి. వేగం లెక్క కడితే, సెకనుకు 83 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్న దేనికో సరిపోయే చోటు. గుండె కాసేపు గట్టిగానే కొట్టుకుంది.

ముందు వెడల్పు చూశాను. ఆ గంట ముడి డేటాను 10 హెర్ట్జ్ సందులతో విడగొడితే గీత ఆ సందు కంటే లావుగా లేదు. హైడ్రోజన్ మేఘం ఏదీ ఇలా ఉండదు. లోపలి పరమాణువులు సెకనుకు కిలోమీటర్ల వేగంతో అటూఇటూ తిరుగుతుంటాయి కాబట్టి గుట్ట వెడల్పు కనీసం కొన్ని కిలోహెర్ట్జ్‌లు ఉంటుంది. కాబట్టి ఇది యంత్రమే.

తర్వాత జరుగుదల. గీత మొదటి కొన్ని నిమిషాల్లో కొన్ని వందల హెర్ట్జ్ జరిగి, క్రమంగా నెమ్మదించి, ఒకచోట కుదురుకుంది. భూభ్రమణం వల్లయితే నిమిషానికి పది హెర్ట్జ్ లోపే, అదీ గంటంతా కొనసాగాలి. మొదట వేగంగా జరిగి తర్వాత కుదురుకునేది అప్పుడే ఆన్ అయి వేడెక్కుతున్న క్రిస్టల్, అంటే ఎలక్ట్రానిక్ పరికరాలకు క్లాక్‌గా పనిచేసే స్ఫటికం.

అయినా తేల్చి చెప్పేది గడియారం. నక్షత్రాలు రోజూ సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. రెండు వారాలకు దాదాపు గంట. పాత రికార్డింగులన్నీ తీసి పక్కపక్కన పెట్టాను. హైడ్రోజన్ గుట్ట రోజురోజుకూ ముందుకు జరుగుతూ రెండు వారాల్లో గంట ముందుకొచ్చింది. గీత మాత్రం ఒంటిగంటనే పట్టుకుని ఉంది. ఆకాశానికి మన గోడ గడియారంతో పనిలేదు. ఈ పరీక్షే 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్‌కు దారి చూపింది. చార్టు కాగితం మీద ఆమె గమనించిన చిన్న గజిబిజి గుర్తు నక్షత్రాల సమయాన్నే పాటించింది. 1.337 సెకన్లకొకసారి కొట్టుకునే ఆ సంకేతానికి "ఎల్‌జీఎం-1" అని పేరు కూడా పెట్టుకున్నారు, చిన్న పచ్చ మనుషులు అన్న అర్థంలో. తర్వాత ఆకాశంలో పూర్తిగా వేరే వైపు అలాంటిదే ఇంకొకటి ఆమెకే దొరికింది. రెండు చోట్ల నుంచి రెండు నాగరికతలు ఒకే పద్ధతిలో మనల్ని పలకరించడం జరిగే పని కాదు. అలా పల్సార్లు (వేగంగా తిరుగుతూ లయగా రేడియో తరంగాలు పంపే మృత నక్షత్రాలు) బయటపడ్డాయి.

మరుసటి రాత్రి ఒంటిగంటకు హార్న్‌ను నేలకేసి తిప్పాను. గుట్ట పోయింది, గీత ఉంది. ఇక మిగిలింది ఇల్లు వెతకడమే. ఒంటిగంటకు ఆన్ అయ్యేది ఒకటే: ఆ రోజు డేటాను కాపీ చేసి దాచే చిన్న కంప్యూటర్ బోర్డు. టైమర్ ప్లగ్ దాన్ని లేపుతుంది, గంట తర్వాత ఆపేస్తుంది. బోర్డు మీది క్రిస్టల్ 19.2 మెగాహెర్ట్జ్. 74తో గుణిస్తే సరిగ్గా 1420.8. బోర్డును ఇనుప పెట్టెలో పెట్టి, తీగలకు ఫెర్రైట్ (రేడియో రొదను అణిచే అయస్కాంత పదార్థపు ముక్క) తగిలించి, హార్న్‌కు దూరంగా జరిపాక గీత రొదలో కలిసిపోయింది. నా బ్యాండ్‌లో పడే గుణిజాలన్నీ ఇప్పుడు ఒక పట్టికగా రాసుకున్నాను. 10, 20 మెగాహెర్ట్జ్ క్లాక్‌లు 1420.0 దగ్గర పడతాయి, ఆ చోటు కూడా నమ్మరాదు.

నిరాశ పడ్డానా అంటే, లేదు. ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు కూడా ఇదే దారిలో నడిచాయి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌కు ఏళ్ల తరబడి వచ్చిన "పెరిటాన్" అనే వింత మెరుపులు, పని పూర్తికాకముందే తలుపు తీసిన మైక్రోవేవ్ ఓవెన్‌వని 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం నిరూపించింది.

పెద్ద టెలిస్కోప్ డేటాతో సాధన

2015లో మొదలైన బ్రేక్‌త్రూ లిజన్ అనే గ్రహాంతర సంకేతాల వెతుకులాట ప్రాజెక్టు తమ డేటాను అందరికీ అందుబాటులో ఉంచింది. సాధనకు అందరూ వాడే ఫైల్ గ్రీన్ బ్యాంక్ నుంచి తీసిన వోయేజర్ 1 వ్యోమనౌక రికార్డింగ్. దాదాపు 2000 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి, ఇంట్లో బల్బంత శక్తి ఉన్న ట్రాన్స్‌మిటర్. 8419.3 మెగాహెర్ట్జ్ దగ్గర మధ్య గీత, అటూఇటూ 22 కిలోహెర్ట్జ్ దూరంలో రెండు చిన్న గీతలు. మూడూ సెకనుకు 0.4 హెర్ట్జ్‌కు కాస్త అటూఇటూగా వాలుతూ. టర్బోసెటి ప్రోగ్రామ్ ఆ వాలును రకరకాల విలువలతో సరిచేసి చూసి మూడింటినీ పట్టి ఇచ్చింది. నిజమైన, భూమి బయటి, కృత్రిమ సంకేతం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఈ ప్రాజెక్టు ఇంకెవరు మొదలుపెట్టినా ముందు ఈ ఫైల్‌తో కూర్చోమంటాను.

వాళ్ల పద్ధతి కూడా నేర్చుకోదగ్గది. లక్ష్య నక్షత్రాన్ని ఐదు నిమిషాలు, పక్కన మరోచోట ఐదు నిమిషాలు, మళ్లీ లక్ష్యం, మళ్లీ వేరే చోటు. లక్ష్యం వైపు చూసినప్పుడే కనిపించి, పక్కకు చూసినప్పుడు మాయమయ్యేదే పరిశీలనకు నిలుస్తుంది. 2019లో పార్క్స్ నుంచి ప్రాక్సిమా సెంటారీ వైపు చూసినప్పుడు 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చిన బీఎల్‌సీ1 అనే సంకేతం ఈ జల్లెడను కూడా దాటింది. 2021లో సోఫియా షేక్ బృందం అదే రికార్డింగుల్లో వేరే ఫ్రీక్వెన్సీల దగ్గర అదే తీరులో జరుగుతున్న గీతలు చూపించింది. వాటి మధ్య దూరాలు మామూలు క్లాక్ ఫ్రీక్వెన్సీల గుణిజాలు. అది మన పరికరాల ఇంటర్‌ఫియరెన్సే. నా 19.2 పట్టికను చూసినప్పుడల్లా ఆ పరిశోధన గుర్తొస్తుంది.

రెండో హార్న్, మిల్లీసెకన్ల వేట

వావ్‌ను వినలేనన్న హార్న్ దేన్ని వినగలదో లెక్క వేస్తే ఆశ్చర్యపోయాను. 2007లో డంకన్ లోరిమర్ బృందం పార్క్స్ పాత డేటాలో కనుగొన్న ఫాస్ట్ రేడియో బర్స్ట్‌ల గురించి వినే ఉంటారు. మిల్లీసెకన్లు మాత్రమే ఉండే ఈ మెరుపులు ఇతర గెలాక్సీల నుంచి వస్తాయి. వాటికీ మొదట్లో గ్రహాంతరవాసుల పేరు వినిపించింది. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే ఉన్న ఎస్‌జీఆర్ 1935+2154 అనే మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రమున్న మృత నక్షత్రం) అలాంటిదే ఒకటి పంపింది. కెనడాలోని చైమ్ టెలిస్కోప్‌తో పాటు స్టేర్2 అనే చిన్న ఏర్పాటూ దాన్ని పట్టింది. స్టేర్2 అంటే డిష్‌లు లేని చిన్న యాంటెనాలు, అమెరికాలో మూడు చోట్ల. అది కొలిచిన బలం 15 లక్షల జాన్‌స్కీ మిల్లీసెకన్లు.

నా 2.4 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒక మిల్లీసెకను సగటుకు రొద 34 వేల జాన్‌స్కీలు. ఆ మెరుపు వచ్చిన వేళ నా హార్న్ అటు చూస్తూ ఉండి ఉంటే, రొద కంటే పదుల రెట్లు ఎత్తున లేచేది. ఈ డబ్బాకు, ఈ రేకుకు!

కాబట్టి ఇప్పటి పని ఇదే. ఐదు నిమిషాల సగటుతో పాటు మిల్లీసెకనుకొకసారి మొత్తం శక్తిని చూసి, అది ఒక్కసారిగా ఎగిస్తే ఆ కొన్ని సెకన్ల ముడి డేటాను దాచే ప్రోగ్రామ్ రాస్తున్నాను. నిజమైన మెరుపును గుర్తుపట్టడానికి డిస్పర్షన్ ఉంది. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందుగా, తక్కువది ఆలస్యంగా చేరుతుంది. ఆ మాగ్నెటార్ మెరుపుకైతే నా బ్యాండ్ పై అంచుకు, కింది అంచుకు మధ్య తేడా రెండు మిల్లీసెకన్ల పైనే ఉండేది. ఇంట్లో స్విచ్ వేసినప్పుడు వచ్చే మెరుపులో ఆ ఆలస్యం ఉండదు. పెరిటాన్లు దీన్ని కూడా అనుకరించాయి కాబట్టి ఒక్క పరీక్షను నమ్ముకోను.

రెండో హార్న్ అందుకే. ఒకే కరెంటు లైను, ఒకే వైఫై లేనంత దూరంలో, అదే దిశకు తిప్పి పెడతాను. రెండింటి సమయాలూ జీపీఎస్‌తో కలుపుతాను. రెండుచోట్లా ఒకే మిల్లీసెకనులో, ఒకే డిస్పర్షన్‌తో పడిందే లాగ్‌లో "క్యాండిడేట్" అవుతుంది. మిగతావన్నీ కారణం రాసి పక్కన పెడతాను. పలకలు కోసేశాను, డబ్బా ఈసారి 14 సెంటీమీటర్లది దొరికింది, కాబట్టి తీగ దూరం 9.3 కాదు, 11.3 సెంటీమీటర్లు. వచ్చే ఎంట్రీలో దాని నేల, ఆకాశం పరీక్ష ఫలితం పెడతాను.